రిపోర్టు బాగుంది, నేనే బాగలేను

ఎమ్మిగనూరు నుంచి ఒక నేతన్న రాసిన ఉత్తరం ఇది. వయసు 52. పేరు వేయొద్దన్నారు. నాలుగు రాత్రులు కూర్చుని, కాస్త కాస్తగా ఫోన్‌లో టైప్ చేసి పంపారు. "ఒకే బిగిన రాయడానికి కూడా ఓపిక చాల్లేదు మేడమ్" అన్నది ఉత్తరంలో మొదటి మాట.

రెండేళ్ళ కిందట ఆయనకు బుగ్గ లోపల పుండు లేచింది. గుట్కా అలవాటు ఉండేది. నెలలు గడిచినా పుండు మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి దవడ కొంత, మెడలో గడ్డలు తీశారు. తర్వాత 30 రేడియేషన్ సిట్టింగులు, వాటితో పాటు వారానికోసారి కీమో. అన్నీ అయిపోయి 11 నెలలు. మొన్నటి చెకప్‌లో స్కాన్ శుభ్రంగా ఉందన్నారు. "ఇంక పోయి పని చూసుకో అన్నాడు డాక్టరు. ఊర్లో అందరూ గండం గడిచింది అంటాండారు. రిపోర్టు బాగుంది, నేనే బాగలేను."

ముప్పై ఏళ్ళుగా గుంతమగ్గం మీద చీరలు నేసిన మనిషి. పొద్దున 6కి గుంతలోకి దిగితే చీకటి పడేదాకా నేసేవారు. ఇప్పుడు ఒక జాన నేయగానే కుడి భుజం కిందికి లాగేస్తోంది, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. రాత్రి 9 గంటలు పడుకున్నా ఒళ్ళు పులిసిపోయి లేస్తున్నారు. మే నెలలో కూడా తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాల్సి వచ్చిందని మధ్యలో ఒక మాట రాసి వదిలేశారు. బరువు 66 నుంచి 55 కిలోలకు వచ్చింది. కారం తినలేరు, జొన్నరొట్టె గొంతు దిగదు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. చెక్కభజనలో ముందు నిలబడి పాడే మనిషి, ఈ జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంటే లోపల గదిలో తలుపేసుకుని పడుకున్నారు.

మగ్గం ఇప్పుడు ఆయన భార్య నేస్తున్నారు. ఆయన రాట్నం దగ్గర కూర్చుని ఆమెకు నూలు కండెలు చుట్టిస్తున్నారు. "ఎదురింటి పిల్లోడు ఏం మామా, రాట్నం కాడికి వచ్చినావే అని నవ్వినాడు. వాడు ఊరికే అన్నాడు. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు." షావుకారు దగ్గర అడ్వాన్సు 80 వేలు బాకీ ఉంది. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకం కింద పోయింది కానీ, హైదరాబాద్‌లో గది అద్దె, తిండి, రాకపోకలు అన్నీ అప్పే. కొడుకు బెంగళూరులో ఉంటాడు. మగ్గం అమ్మేసి వచ్చేయమంటున్నాడు. బామ్మర్ది మాత్రం మనసు గట్టిగా చేసుకుంటే అంతా సర్దుకుంటుందంటున్నాడు.

ఆయన అడిగినవి మూడు. నాది సోమరితనమా? మగ్గం అమ్మేయాలా? చివరి ప్రశ్న మాత్రం సగంలో ఆపేశారు: "కొన్ని రాత్రులు తెల్లారకుంటే బాగుండు అనిపిస్తాది. ఇది ఇంట్లో చెప్పాల్నా..."

అన్నా,

మీరు సగంలో ఆపిన ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. మిగతావి రేపు మాట్లాడుకున్నా నష్టం లేదు. ఇది మాత్రం ఇవాళే మాట్లాడాలి.

ముందు ఒకటి చెప్పనివ్వండి. నేను డాక్టర్‌ని కాను. క్యాన్సర్ వచ్చినవాళ్ళతో, వాళ్ళ ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడే కౌన్సెలర్‌ని. తెల్లవారకుంటే బాగుండని నాతో చెప్పినవాళ్ళు మీరొక్కరే కాదు. వైద్యం జరుగుతున్నన్నాళ్ళు పళ్ళ బిగువున నెట్టుకొచ్చి, అంతా అయిపోయి ఇంటికొచ్చాక కూలబడినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని సూటిగా అడుగుతున్నాను, మీరూ మీలోనే సూటిగా జవాబు చెప్పుకోండి. మీకు వచ్చేది ఈ అవస్థ ఇంతటితో ఆగితే చాలన్న కోరికా? లేక ఎలా, ఎప్పుడు అన్నదాకా ఆలోచన పోతోందా? రెండోదైతే చదవడం ఇక్కడే ఆపి, మీ ఇంటామెను నిద్ర లేపి అయినా సరే చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఫోన్ ఖర్చు ఉండదు, 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటిదే అయినా ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి, ఎందుకంటే రాత్రి రెండు గంటలప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు. ఇంట్లో మిగిలిపోయిన నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు ఉంటే అవి మీ తలగడ దగ్గర కాకుండా ఆమె దగ్గర ఉండనివ్వండి.

ఇంట్లో చెప్పాలా అన్నదానికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు సోమరితనం మాట. పని చేసి అలసిపోవడమంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజంతా గుంతలో కాళ్ళు ఆడించి, సాయంత్రం నాలుగు చెంబుల నీళ్ళు పోసుకుని పడుకుంటే తెల్లారేసరికి పోయే అలసట అది. ఇప్పుడు మీకున్నది ఆ జాతి అలసట కాదు. దీన్ని డాక్టర్లు ప్రత్యేకంగా క్యాన్సర్ అలసట అనే పిలుస్తారు. చేసిన పనికీ దీనికీ లెక్క కుదరదు, నిద్రపోయినా తీరదు. క్యాన్సర్ వైద్యం చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఏదో ఒక దశలో ఇది వస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. నాకు తెలిసిన ఒకామె పొద్దున సగం జడ అల్లుకుని, చేతులు కిందికి దించి, గోడకు ఆనుకుని కాసేపు కూర్చుని, అప్పుడు మిగతా సగం అల్లుకునేది. ఆమె కూడా మీలాగే, నాకు బద్ధకం పట్టుకుందమ్మా అని ఏడ్చింది. బద్ధకస్తుడికి పని చేయలేకపోయినందుకు అన్నం సయించకుండా పోదు అన్నా.

అయితే క్యాన్సర్ అలసటే అని పేరు పెట్టేసి ఊరుకోవడం కూడా తప్పే. దాని కింద వేరే జబ్బులు దాక్కుని ఉంటాయి. వాటిలో కొన్ని మాత్రతో తగ్గేవి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముందు కళ్ళకు తగిలింది ఆ దుప్పటి.

కర్నూలు జిల్లాలో మే నెలంటే 40 డిగ్రీలు దాటే ఎండ. తెల్లవారుజామున కూడా వేడిగాలి. ఆ గాలిలో దుప్పటి కప్పుకోవాలనిపించిందంటే థైరాయిడ్ చూపించుకోవాలి. ఆ గ్రంథి గొంతు కింది భాగంలో ఉంటుంది. మెడకు రేడియేషన్ ఇచ్చినప్పుడు దానికీ సెగ తగులుతుంది. వెంటనే ఏమీ తెలియదు. నెలలు, కొందరిలో ఏళ్ళు గడిచాక అది నెమ్మదిగా పని తగ్గిస్తుంది. అప్పుడు చలి వేస్తుంది, మలబద్ధకం వస్తుంది, ఒళ్ళు బరువెక్కుతుంది, మనసు కూడా మసకబారుతుంది. మెడకు రేడియేషన్ అయినవాళ్ళకు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించాలని వైద్య నియమమే ఉంది. మీ ఫైలు తీసి కాగితాలు తిరగేయండి. రేడియేషన్ తర్వాత ఒక్కసారైనా ఆ పరీక్ష చేశారా? చేయకపోతే దానికోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. ఎమ్మిగనూరులోనే ల్యాబుల్లో అవుతుంది. పనిలో పనిగా హిమోగ్లోబిన్, షుగర్, బి12, కిడ్నీ పరీక్షలు కూడా చేయించమని డాక్టరును అడగండి. మీకు వారం వారం ఇచ్చిన కీమో రకాన్ని బట్టి కిడ్నీలను ఓసారి చూసుకోవడం మంచిది. రిపోర్టులు మీ హైదరాబాద్ డాక్టరుకు చూపించండి.

థైరాయిడ్ తక్కువుందని తేలితే రోజూ పొద్దున పరగడుపున వేసుకునే మాత్ర రాస్తారు. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. అన్నీ బాగున్నాయని వస్తే నిరాశపడొద్దు. ఒక దారి మూసుకుంది, ఇంకో దారి చూద్దాం అనుకోండి. మీకు ఇంతకుముందే చెప్పాల్సిన పరీక్ష ఇది. చెప్పనందుకు మీరేం చేస్తారు? కానీ చెకప్‌కు పోయినప్పుడు మీరేం చెప్పారో కూడా ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎలా ఉన్నావంటే బాగున్నా సార్ అని వచ్చేసి ఉంటారు. లైన్లో వెనక ఇరవై మంది ఉంటే ఎవరైనా అంతే అంటారు. ఈసారి ఒక చీటీ మీద రాసుకుని పోండి: పొద్దున లేవగానే అలసట, జాన నేయగానే భుజం, మేలో దుప్పటి, 11 కిలోల బరువు తగ్గడం. చీటీ డాక్టరు చేతికిచ్చేయండి, మాట తడబడుతుందన్న బెంగ కూడా ఉండదు.

భుజం సంగతి వేరు. అది అలసట కాకపోవచ్చు. మెడలో గడ్డలు తీసే చోటు నుంచే భుజాన్ని పైకెత్తే నరం పోతుంది. ఆపరేషన్‌లో అది కదిలితే భుజం జారినట్టు ఉంటుంది, చెయ్యి పైకి లేవదు, కాసేపు పనిచేస్తే లాగేస్తుంది. తాడు లాగి, అడ్డపోగు మోసే నాడెను విసిరే చెయ్యి అదే కాబట్టి మీకు మగ్గం మీదే బయటపడింది. ఆఫీసులో కూర్చునే మనిషికైతే ఇంత తెలిసేది కాదు. దీనికి మందు ఫిజియోథెరపీ. కర్నూలు పెద్దాసుపత్రిలో చేస్తారు. నాలుగైదు సార్లు పోయి ఎలా చేయాలో నేర్చుకుని వస్తే తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు. నొప్పి ఉందని చెయ్యి కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. అందుకే దీన్ని వాయిదా వేయొద్దు.

తిండి గురించి. రేడియేషన్ వల్ల నోట్లో తడి ఆరిపోతుంది. అందుకే రొట్టె దిగడం లేదు. రొట్టెతో పోరాడొద్దు. పలచటి రాగిసంగటి, పప్పులో మెత్తగా కలిపి కాస్త నెయ్యి, గుడ్డు, పెరుగన్నం, నానబెట్టి మెత్తగా నూరిన బుడ్డల (వేరుశనగ) చట్నీ మిరపకాయ లేకుండా. మూడు పూటలు కడుపునిండా తినలేకపోతే ఆరుసార్లు కొంచెం కొంచెం తినండి. 55 కిలోల ఒంటికి కండ లేకపోతే ఏ మందూ బలం ఇవ్వలేదు. ఇంకా బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైపోతున్నా, నోట్లోనో మెడలోనో కొత్తగా పుండో గడ్డో కనిపించినా, రక్తం పడినా తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు.

ఇవన్నీ సరిచేసుకున్నా కొంత అలసట మిగిలే ఉంటుంది. దాంతో ఎలా మెలగాలన్నది ఇప్పుడు. మీ ఉత్తరంలో ఒక రోజు గురించి రాశారు. ఉగాది తర్వాత ఒక పొద్దున ఒళ్ళు తేలిగ్గా అనిపించి, ఆమెను లేపి మీరే గుంతలోకి దిగి ఏకబిగిన మూడు మూరలు నేశారు. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. "అప్పుడే అనుకున్న, ఇంక నా పని అయిపోయిందని." అన్నా, ఆ మూడు రోజుల మంచం మీ పని అయిపోయినందుకు గుర్తు కాదు. బాగున్న రోజున ఉన్నదంతా ఖర్చు పెట్టేయడం, తర్వాత అప్పు తీర్చినట్టు పడుకోవడం, ఈ అలసట ఉన్న ప్రతివాళ్ళూ చేసేదే. పని చేయగలనని నిరూపించుకోవాలన్న తొందర వల్ల వస్తుంది.

దీనికి విరుగుడు వినడానికి చిన్నది, చేయడం కష్టం. అలసట వచ్చాక ఆపడం కాకుండా, రాకముందే ఆపాలి. రెండు వారాల పాటు క్యాలెండర్ మీద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక అంకె వేయండి. అలసటే లేకపోతే 0, లేవలేనంత ఉంటే 10. మీకు ఏ పూట తక్కువుంటుందో తెలిసిపోతుంది. మగ్గం ఆ పూటే. జాన దగ్గర భుజం లాగుతోంది కదా, అందులో సగం దగ్గరే ఆగిపోండి. ఇంకా నేయగలననిపిస్తుంది, అప్పుడే లేచి రండి. వారం రోజులు అంతే. మంచం పట్టకుండా వారం గడిస్తే అప్పుడు రెండు వేళ్ళు పెంచండి. బాగున్న రోజైనా, బాగలేని రోజైనా అదే కొలత.

రోజూ నడవాలి కూడా. అలసిపోయిన మనిషిని నడవమంటే కోపం వస్తుందని నాకు తెలుసు. కానీ ఈ అలసటకు మందుల కంటే నడక, వ్యాయామం, కౌన్సెలింగ్ ఎక్కువ పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. పూర్తిగా పడుకుంటే కండ కరిగి అలసట ఇంకా పెరుగుతుంది. మొదట్లో ఐదు నిమిషాలు చాలు. ఎండ ఎక్కకముందు వీధి చివరి దాకా పోయి రండి. పగటి నిద్ర అరగంట దాటనివ్వొద్దు, సాయంత్రం అసలే వద్దు. రాత్రి నిద్ర చెడేది అక్కడే.

ఇక మనసు. బామ్మర్ది చెప్పిన "మనసు గట్టి చేసుకో" అన్న మాట ప్రేమతోనే చెప్పాడు, తప్పు పట్టను. కానీ కాలు విరిగినవాడిని కాలు గట్టి చేసుకో అనం కదా. అలసట, దిగులు రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకదాన్ని ఒకటి పెంచుతాయి. నేను వాటిని విడదీయడానికి ఒకటే అడుగుతాను: చేయాలనుండీ ఒళ్ళు రావడం లేదా, అసలు చేయాలనే లేదా? మగ్గం విషయంలో మీకు చేయాలని ఉంది, అది ఉత్తరం నిండా ఉంది. భజన విషయంలో వేరే. పాడలేకపోతున్నానని రాయలేదు మీరు, "వినబుద్ధి కాదు" అని రాశారు. జాతర రోజు తలుపేసుకున్నారు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైనవి రుచించకపోవడం, తెల్లవారకుంటే బాగుండనిపించడం, ఇవన్నీ కలిస్తే దాన్ని డిప్రెషన్ అంటారు. అదీ జబ్బే, దానికీ వైద్యం ఉంది. దవడ మీద కత్తి పడ్డ మనిషికి, అద్దంలో ముఖం మారిన మనిషికి, గొంతు మారిన పాటగాడికి అది రావడంలో వింతేముంది?

మీ ముందు రెండు మూడు దారులున్నాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫిజియోథెరపీకి పోయిన రోజే అక్కడా చూపించుకోవచ్చు. ఎమ్మిగనూరు నుంచి బస్సులో పోయి రావడమే మీకు ఒక రోజు ఓపిక కాబట్టి రెండూ కలిపి పెట్టుకోండి, మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు. వాళ్ళు మాత్రలు రాస్తే పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో తేడా లేదని ఆపేయొద్దు. తగ్గాక కూడా మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరు నెమ్మదిగా తగ్గిస్తారు. ఇప్పటికే వాడుతున్న మాత్రల కవర్లు వెంట తీసుకుపోండి. కొన్ని మందులు నోటిని ఇంకా ఆరబెడతాయి, మీకు ఇప్పటికే ఆ ఇబ్బంది ఉందని ముందే చెప్పండి. అలవాటు పడిపోతానేమో అని భయపడుతుంటే, దిగులుకు ఇచ్చే ఈ మాత్రలు నిద్రమాత్రల లాంటివి కావు. అంత దూరం ఇప్పుడే పోలేనంటే 14416తో మొదలుపెట్టండి. వాళ్ళు మాట్లాడతారు, అవసరమైతే ఎక్కడికి పోవాలో చెబుతారు. ఏమీ చేయకుండా థైరాయిడ్ రిపోర్టు కోసం ఆగుదామనుకుంటే, ఆ తెల్లారకూడదన్న ఆలోచన బలంగా లేనప్పుడు మాత్రమే ఆగండి, అదీ ఒక వారం పది రోజులే.

గుట్కా గురించి ఒక్క మాట. "నా చేతులారా తెచ్చుకున్న" అని రెండుసార్లు రాశారు. రాత్రి రెండు దాకా నేసి చీర దింపాల్సిన రోజుల్లో నిద్ర రాకుండా వేసుకున్నానని కూడా మీరే రాశారు. మానేశారు, అది చాలు. మళ్ళీ నాలుక పీకుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. మిగతా నింద మోయడానికి మీ దగ్గర ఓపిక ఎక్కడుంది?

రాట్నం దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఇదే. కండెలు చుట్టడం ఆడవాళ్ళ పని, ముసలివాళ్ళ పని అని మన మగ్గాల ఇళ్ళలో అనుకుంటారు. కానీ కండె వదులుగా చుడితే నాడెలో పోగు తెగుతుంది, బిగిస్తే ఆగుతుంది, చీరలో చార పడుతుంది. అది మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ముప్పై ఏళ్ళు ఆ కండెలు మీకు చుట్టిచ్చింది ఎవరు? మీ అమ్మ, తర్వాత మీ ఇంటామె. అప్పుడు వాళ్ళ పనిని పని కాదనుకున్నామా? ఇది మీ మీద నింద కాదు. అదే పని మీరు చేస్తే ఎందుకు చిన్నతనం అనిపిస్తోందో ఒకసారి ఆలోచించమంటున్నానంతే. ఎదురింటి కుర్రాడికి మీరు జవాబు చెప్పక్కర్లేదు. చెప్పాలనిపిస్తే, మెడకు ఆపరేషన్ అయి భుజం లాగుతోంది, మగ్గం మీ అత్త నేస్తోంది అనండి. నిజమే కదా.

మగ్గం అమ్మాలా అన్న ప్రశ్నకు నేను ఔననీ కాదనీ చెప్పను, కానీ ఇప్పుడు తేల్చొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. దిగులులో ఉన్నప్పుడు వెనక్కి తీసుకోలేని పనులు చేయకూడదు. ఇప్పుడు అమ్మితే 80 వేలలో కొంత తీరుతుందేమో. కానీ ఆ మగ్గం ఇవాళ నడుస్తోంది, మీ ఇంటామె సంపాదన దాని మీదే. బెంగళూరులో ఒక గదిలో, తెలిసిన ముఖం లేకుండా, పగలంతా కొడుకు పనికి పోయాక ఒంటరిగా ఉండటం మీ దిగులుకు మంచిది కాదని నా భయం. అలాగని కొడుకు మాట కొట్టిపారేయొద్దు. అక్కడ ఆసుపత్రులు దగ్గర, తోడు ఉంటుంది. ఆరు నెలల గడువు పెట్టుకుని, అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుందామని అతనికి చెప్పండి. ఫోన్‌లో "ఇంకా పని మొదలుపెట్టలేదా నాయనా" అని అడుగుతున్నాడని బాధపడ్డారు. అతనికి మీరు బాగున్నారని చెప్పారు కదా. బాగున్న నాయన పని చేయడనుకుంటే అతని తప్పేముంది? ఆ చీటీ ఫోటో తీసి అతనికీ పంపండి.

షావుకారుతో కూడా మాట్లాడాలి. మీరు వెనక్కి తగ్గుతున్నారు కానీ, డిశ్చార్జి కాగితాలు చూపించి, నెలకు ఇన్ని చీరలకంటే ఎక్కువ కావు, బాకీ కింద పట్టుకునే కోత కొంచెం తగ్గించు అని అడిగితే ఆయన ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అడగకపోతే మాత్రం ఆ బాకీ రాత్రుళ్ళు మీ పక్కలోనే పడుకుంటుంది. ఇంకొకటి, మీకు 50 దాటింది. చేనేత కార్మికులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 పింఛను ఉంది. మీకు వస్తోందో లేదో రాయలేదు. రాకపోతే సచివాలయంలో అడగండి. ఆసుపత్రి కాగితాలు కూడా పట్టుకుపోండి.

చివరికి మీ ఇంటామె. "ఆమె ఏమీ అనదు మేడమ్" అని రాశారు. ఆ మాటలో మీకు నింద వినిపిస్తున్నట్టుంది. నాకైతే భయం వినిపిస్తోంది. తెల్లవారుజామున లేచి వండి, రోజంతా నేసి, రాత్రి మీరు ఊపిరి తీస్తున్నారా లేదా అని చూసుకుంటూ పడుకునే భార్యలను నేను చాలామందిని చూశాను. తెల్లవారకుంటే బాగుండన్న మాట ఆమెకు చెబితే ఏడుస్తుంది. కొన్నాళ్ళు మిమ్మల్ని ఒంటరిగా వదలదు, రాట్నం కూడా ముట్టనివ్వదేమో, అది మీకు ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. చెప్పకపోతే ఆమె ఏడవదు, కానీ రాత్రి మీరు అటు తిరిగి పడుకున్నప్పుడు ఏం జరుగుతోందో ఊహించుకుంటూనే ఉంటుంది. ఊహలో అది ఎప్పుడూ అసలు కంటే పెద్దదే. చెప్పమనే నా సలహా. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఎదురెదురుగా కూర్చుని చెప్పక్కర్లేదు. ఆమె మగ్గం మీద ఉంటుంది, మీరు రాట్నం దగ్గర ఉంటారు, ఇద్దరి చూపూ నూలు మీదే ఉంటుంది. అప్పుడు చెప్పండి. ఆమెకు మాట రాకపోతే ఈ జవాబు ఆమె చేత చదివించండి, లేదా మీరే చదివి వినిపించండి. ఆమెనూ అడగండి, నీకెలా ఉందని. ఈ రెండేళ్ళలో ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

ఈ సోమవారం పొద్దున పరగడుపున ల్యాబుకు పోండి. టీఎస్‌హెచ్ ఎంత వచ్చిందో డాక్టరుకు చూపించాక, ఆ అంకె, క్యాలెండర్ మీద మీరు వేసిన అంకెలు నాకు రాసి పంపండి. నాలుగు రాత్రులు కూర్చోవద్దు, రెండు ముక్కలు చాలు.